ఆర్టీమియాకి మేత ఎంత వెయ్యాలి: ప్రయోగం మొదలుపెట్టబోతున్న నీకు

అమ్మా,

ఆర్టీమియా అనే ఉప్పునీటి చిన్న రొయ్యలాంటి జీవి మేతని బట్టి ఎంత పెరుగుతుందో చూసే నీ ప్లాన్ మొత్తం చదివాను. తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అని మూడు మోతాదులు, పోల్చి చూడ్డానికి మేత లేని బీకరు (కంట్రోల్) ఒకటి, అంతా బాగానే ఉంది. కానీ మోతాదుని బీకరుకి ఇంత అని రాశావు చూడు, అక్కడే నాకు పేచీ. జీవికి ఇంత అని లెక్క కట్టు. ఎందుకంటే మేత తక్కువైన బీకర్లో కొన్ని చచ్చిపోతాయి, మిగిలినవాటికి తలా కాస్త ఎక్కువ దొరుకుతుంది, అవి ఇంతింత పెరుగుతాయి, నువ్వేమో మేత తగ్గించినా పెరుగుదల తగ్గలేదని రాసేస్తావు. అందుకే కొలిచిన ప్రతిసారీ బతికున్నవాటిని లెక్కపెట్టి మేత సరిచెయ్యి, ఎన్ని బతికాయన్నది పొడవు పక్కనే రాయి.

మొదటి రోజు తొందరపడకు. సిస్టులోంచి, అంటే గట్టి పెంకున్న గుడ్డులోంచి, అప్పుడే బయటపడ్డ పిల్ల ఏమీ తినదు, లోపలి సొనతోనే బతుకుతుంది. 28 డిగ్రీల దగ్గర సుమారు 8 గంటలకి మొదటిసారి కుబుసం విడిచాకే తినడం మొదలుపెడుతుంది. ఈలోపు మేతగా వేసిన ఈస్టు అడుగుకి చేరి కుళ్ళడం తప్ప ఇంకో ప్రయోజనం లేదు. అన్ని బీకర్లకీ ఒకేసారి పొదిగిన పిల్లలనే వాడు, వయసులో తేడా ఉంటే అది మేత తేడాలాగే కనిపిస్తుంది.

ఇక అసలు సంగతి. ఆర్టీమియా ఎంచుకుని తినదు, కాళ్ళు ఆడిస్తూ నీటిని వడకడుతూనే ఉంటుంది, సుమారు 50 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) లోపు రేణువు ఏది దొరికినా నోట్లోకి పోవాల్సిందే. నీళ్ళలో మేత మరీ చిక్కగా ఉంటే పేగులోంచి త్వరగా దాటిపోతుంది, సగం అరగకుండానే బయటికి వచ్చేస్తుంది. కాబట్టి మేత పెంచుతూ పోతే పెరుగుదల కొంతదాకా పెరిగి, ఒకచోట నిలిచిపోయి, ఆ తర్వాత పడిపోవచ్చు. ఆ పడిపోవడానికి కారణం చాలాసార్లు నీరే. మిగిలిన మేత కుళ్ళి బాక్టీరియా పెరుగుతుంది, ఆక్సిజన్ తగ్గుతుంది, అమ్మోనియా చేరుతుంది. ఆక్సిజన్, అమ్మోనియా కొలవకుండా "ఎక్కువ మేత హానికరం" అని మాత్రం రాయకు, హాని చేసింది మేతో నీళ్ళో నీకే తెలియదు. జంతువులు ఎర్రబారుతుంటే వెంటనే ఆక్సిజన్ కొలిచి చూడు, ఆక్సిజన్ తక్కువైనప్పుడు అవి హీమోగ్లోబిన్ ఎక్కువ తయారుచేసుకుంటాయి.

రోజూ మేత వేసే ముందు రెండుమూడింటిని మైక్రోస్కోపు కింద పెట్టి చూడు. ఒళ్ళంతా పారదర్శకం కాబట్టి, నాచు తిన్నదైతే పేగు తల నుంచి తోక దాకా పచ్చటి గీతలా కనిపిస్తుంది. గీత ఖాళీగా, ముక్కలుముక్కలుగా ఉంటే మేత చాలలేదు. నాకు అంకెలకంటే ముందు ఈ గీత మీదే నమ్మకం.

మొదటి రోజు మోతాదు వారం తర్వాత ఏ మూలకీ చాలదు. అర మిల్లీమీటరు కూడా లేని పిల్ల రెండుమూడు వారాల్లో సెంటీమీటరు దాకా పెరుగుతుంది. మోతాదు పెంచుతూ పో, కానీ మూడింటి మధ్య నిష్పత్తి చెదరనివ్వకు. రోజు మేతంతా ఒకేసారి గుమ్మరించకుండా విడతలుగా వెయ్యి. గాలి పెద్ద బుడగలుగా, మెల్లగా రావాలి, ఎయిర్ స్టోన్ వద్దు, సన్న బుడగలు కాళ్ళలో ఇరుక్కుని పిల్లలు పైకి తేలిపోతాయి.

కొలిచేటప్పుడు పిపెట్‌కి సులువుగా దొరికినవాటినే తీసుకుంటే నీరసంగా ఉన్నవే ఎక్కువ వస్తాయి, కాబట్టి నీళ్ళు బాగా కలియబెట్టి తియ్యి. ఒక బీకర్లో 20 జంతువులు కొలిచినంత మాత్రాన అవి 20 రెప్లికేట్లు, అంటే ప్రయోగాన్ని విడివిడిగా 20 సార్లు చేసినట్టు, కావు, అంతా కలిపి ఒక్కటే. మోతాదుకి కనీసం మూడు బీకర్లు పెట్టు, వీలైతే ఇంకా ఎక్కువ.

ఇంకొకటి నీ ప్లాన్‌లో లేదు: జంతువులు లేకుండా మేత మాత్రమే వేసిన బీకరు, ప్రతి మోతాదుకీ ఒకటి. డ్యునాలియెల్లా లాంటి బతికున్న నాచు వెలుతుర్లో తనంతట తనే పెరుగుతుంది, ఈస్టయితే అడుగుకి దిగిపోతుంది. ఆ బీకర్లో కణాలు లెక్కపెట్టి, జంతువులున్న బీకరుతో పోల్చి చూస్తేనే జంతువులు నిజంగా ఎంత తిన్నాయో తేలుతుంది. అది చేర్చి, కొత్త ప్లాన్ నాకు పంపు.