బెంచ్ పాయింట్లు కూడేస్తే లెక్క తేలదు

2008, 2010 ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) ఫైనల్స్‌లో లేకర్స్ బెంచ్ (మొదటి ఐదుగురిలో లేకుండా మధ్యలో దిగే ఆటగాళ్లు) మేలా, సెల్టిక్స్ బెంచ్ మేలా అని పాయింట్లు కూడుతుంటే ఒక్కో మ్యాచ్‌కి ఒక్కో జవాబు వస్తోంది అన్నావు కదా బ్రదర్. అలాగే వస్తుంది మరి! 2008 రెండో మ్యాచ్‌లో సెల్టిక్స్ బెంచ్ నుంచి లియాన్ పో 15 నిమిషాల్లోనే 21 కొట్టాడు, ఆ తర్వాతి మ్యాచ్‌లో బెంచ్ నుంచే సాషా వుయాచిచ్ 20 కొట్టి లేకర్స్‌ని గట్టెక్కించాడు. ఇవి చూసి ఏం తేలుస్తాం?

మొత్తం పక్కన పెట్టి, చివరి క్వార్టర్‌లో కోచ్ ఎవరిని కోర్టులో ఉంచాడో చూడు. అదే సిరీస్ నాలుగో మ్యాచ్ తీసుకో. సెల్టిక్స్ ఒక దశలో 24 పాయింట్లు వెనకబడ్డారు, మొదటి ఐదుగురిలో ఉన్న రోండోకి చీలమండ నొప్పి, పెర్కిన్స్‌కి భుజం పట్టేసింది, అయినా బెంచ్ ఆటగాళ్లు జేమ్స్ పోసీ, ఎడ్డీ హౌస్‌లను స్టార్లు పియర్స్, గార్నెట్, ఆలెన్ పక్కన నిలబెట్టి 97-91తో లాగేశారు. పోసీ 18, హౌస్ 11. నా దృష్టిలో అసలైన బెంచ్ బలం అంటే ఇదే, ఆధిక్యం ఉన్నప్పుడు వచ్చి కొట్టే పాయింట్లు కాదు.

ఇంకో తిరకాసు లేకర్స్ ఆటగాడు లామార్ ఓడమ్. 2008లో స్టార్టర్ (మొదటి ఐదుగురిలో ఒకడు), 2010లో ఆ ఐదుగురిలో బైనమ్ ఉండటంతో బెంచ్ మీదికి వచ్చాడు. కాబట్టి రెండేళ్లనీ ఒకే పట్టికలో పెట్టకు. 2010 నాలుగో మ్యాచ్‌లో గ్లెన్ డేవిస్ 18, నేట్ రాబిన్సన్ 12తో సెల్టిక్స్ బెంచ్ 36-18తో చితక్కొట్టింది, కప్పు మాత్రం లేకర్స్ పట్టుకెళ్లారు.

ముందు చివరి క్వార్టర్‌లో ఎవరు ఎన్ని నిమిషాలు ఆడారో ఒక కాలమ్ చేర్చి, మళ్లీ లెక్క వేసి పెట్టు, చూద్దాం.