హైదరాబాద్‌లో మేడ మీద చలికాలంలో పెంచిన ఉల్లిగడ్డలు నెలకే ఎందుకు కుళ్ళుతున్నాయి?

చాలావరకు లోపం ఆరబెట్టడంలోనే ఉంటుంది. అక్టోబరు, నవంబరుల్లో నారు పోసి, ఆరేడు వారాలకు నాటితే మార్చి, ఏప్రిల్‌కల్లా గడ్డ చేతికొస్తుంది. సగానికి పైగా మొక్కలు మెడ దగ్గర, అంటే గడ్డా ఆకులూ కలిసేచోట, వాలిపోయాక పీకండి. అంతకు పది, పదిహేను రోజుల ముందే నీళ్ళు ఆపాలి. పీకగానే మాత్రం ఆకులు కోసేయకండి, దయచేసి. కుళ్ళు లోపలికి దిగే దారి ఆ పచ్చి మెడే. ఆకులతో సహా నీడలో, గాలి తగిలేచోట ఆరనిస్తే మెడ బిగుసుకుని మూసుకుపోతుంది. అప్పుడు రెండు సెంటీమీటర్లు వదిలి కోయండి. మెడ లావుగా ఉన్నవీ పూకాడ వేసినవీ ఎంత ఆరబెట్టినా నిలవవు, ముందుగా వండుకోండి. మిగతావి వల సంచిలో వేలాడదీయండి. ఫ్రిజ్‌లో వద్దు, బంగాళాదుంపల పక్కనా వద్దు. యాసంగి ఉల్లి ఇలా మూడు నాలుగు నెలలు నిలుస్తుంది. వానాకాలపు పంటకు ఆ గుణం లేదు.