ఒంగోలు ఎండల్లో ఆర్కిడ్‌ను విత్తనం నుంచి పెంచగలమా?

ఆన్‌లైన్‌లో తెప్పించిన ఆర్కిడ్ విత్తనాలు కొబ్బరిపొట్టులో చల్లి రోజూ నీళ్లు చిలకరిస్తున్నా ఒక్కటీ మొలవలేదని, ఒంగోలు ఎండలే కారణమా అని అడిగారు. ఎండ తప్పేం లేదండీ. ఆర్కిడ్ విత్తనం ధూళిలా ఉంటుంది. వేళ్లతో ఒక్కొక్కటీ ఏరగలిగేంత లావుగా ఉంటే మీకు వచ్చినవి అసలు ఆర్కిడ్ విత్తనాలే కావు.

నిజమైన విత్తనమైనా కొబ్బరిపొట్టులో రాదు. మినుముకీ వేరుశనగకీ ఉన్నట్టు మొలకకు కావలసిన తిండి దాన్లో ఉండదు. అడవిలో ఒక రకం బూజు దానికి తిండి అందిస్తుంది. ఆ బూజు లేకపోయినా పంచదార కలిపిన అగర్ (సముద్రపు నాచు నుంచి తీసే, జెల్లీలా గడ్డకట్టే పొడి) మీద మొలిపించవచ్చని 1922లో అమెరికాలో లూయిస్ నడ్సన్ చూపించాడు. ఇప్పటికీ ఇళ్లలో చేసేది అదే పద్ధతి.

మన ప్రాంతానికి నేను చెప్పేది వాండా టెస్సలేటా అనే ఆర్కిడ్. గోధుమ గళ్ల రేకులు, పెదవిలా ముందుకు వచ్చిన నీలి రేకు, మంచి వాసన. మన తూర్పు కనుమల్లో పుట్టిన మొక్క కాబట్టి వేడికి భయపడదు. అయితే వెలిగొండల్లోంచో నల్లమలలోంచో పీక్కురాకండి, దయచేసి. పెంచుకునేవాళ్ల దగ్గర కాయ అడగండి, లేదా వాళ్ల మొక్కలు పూసినప్పుడు మీరే కాయ కట్టించండి. పువ్వు మధ్యలో చిన్న టోపీ కింద పసుపు పుప్పొడి ముద్దలు ఉంటాయి. పుల్లతో తీసి, వేరే మొక్క పువ్వులో జిగురుగా ఉన్న గుంటలో పెడితే కాయ కడుతుంది. అది ముదరడానికి నెలలు పడుతుంది. పగలకముందే, పచ్చిగా ఉండగానే కోయండి. లోపల సూక్ష్మజీవులు ఉండవు కాబట్టి పైతొక్క ఒక్కటి శుభ్రం చేస్తే చాలు.

విత్తనాలు చల్లే అగర్ కోసం, లీటరు నీటికి సగం మోతాదు ఎం.ఎస్. మీడియం పొడి (సీసాల్లో మొక్కలు పెంచడానికి వాడే పోషకాల మిశ్రమం), 20 గ్రాముల పంచదార, 7 గ్రాముల అగర్, 100 మి.లీ. లేత కొబ్బరినీళ్లు. పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గితే పులుపు ఎక్కువ) 5.5 దగ్గర ఉండాలి, పులుపు ఎక్కువైతే అగర్ గడ్డకట్టదు. సీసాల్లో పోసి, మూతలు వదులుగా పెట్టి, ఇంటి కుక్కర్‌లో ఆవిరి బాగా పట్టాక సన్న మంట మీద 20 నిమిషాలు ఉంచండి. కాయను సబ్బుతో రుద్ది, బ్లీచ్ నీళ్లలో 15 నిమిషాలు నానబెట్టి, చేతులు పట్టే రంధ్రాలున్న, లోపల స్పిరిట్ కొట్టిన ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి కోసి, లోపలి విత్తనాల ధూళిని సీసాల్లో అగర్ మీద చల్లాలి. స్పిరిట్ కొట్టిన డబ్బాలో మాత్రం మంట వెలిగించకండి, ప్రమాదం.

వారంలో సీసా మెడ దగ్గర తెల్లటి దూది లాంటిది కనిపిస్తే ఆ సీసా పోయినట్టే. తెరవకుండానే మళ్లీ కుక్కర్‌లో ఉడికించి పారేయండి. శుభ్రంగా ఉన్నవాటిని ఎండ తగలని గదిలో ట్యూబ్‌లైట్ కింద ఉంచండి. ఒకటి రెండు నెలలకి ఆ ధూళి ఉబ్బుతుంది, తర్వాత ఆకుపచ్చ చుక్కలవుతుంది. ఒక్కో చుక్క కొన సన్నగా చీలి తొలి ఆకు లేస్తుంది. భూతద్దం పెట్టి చూడండి, చూసి తీరాల్సిన దృశ్యం. కిక్కిరిసిపోతే కొత్త సీసాల్లోకి మార్చాలి.

అసలు కష్టం సీసాలోంచి బయటికి తీశాక మొదలవుతుంది. చాలామంది ఇక్కడే మొక్కలు పోగొట్టుకుంటారు. మేలో, జూన్‌లో అస్సలు తీయొద్దు. మన పడమటి గాలికి సీసాలో పెరిగిన ఆకు పూటలో వాడిపోతుంది. సెప్టెంబరు చివర, ఆ గాలి తగ్గి తేమ పెరిగాక తీస్తే వానల నెలలు కలిసొస్తాయి. వాన మాత్రం నేరుగా పడకూడదు. గోరువెచ్చని నీళ్లలో వేళ్లకి అంటిన అగర్ మొత్తం కడిగేయండి. పంచదార మిగిలితే కుళ్లు పడుతుంది. బొగ్గు, పెంకుల ముక్కల మీద ఉంచి, మొదటి వారాలు పైన ప్లాస్టిక్ కవర్ వదులుగా కప్పి, రోజుకి కాస్త కాస్త ఎక్కువసేపు తెరవండి.

నీళ్ల సంగతి ఎవరూ చెప్పరు. కోస్తాలో చాలా బోర్ల నీళ్లు ఉప్పు. ఆ నీళ్లు పోస్తే వేళ్ల కొనలు నల్లబడి ఆగిపోతాయి. వాన నీళ్లు పట్టుకోండి, లేదంటే క్యాన్ నీళ్లు వాడండి. వేరు తెల్లగా ఉంటే దాహంతో ఉన్నట్టు, తడిస్తే ఆకుపచ్చగా మారుతుంది. పొద్దున్నే పోస్తే మంచిది.

పూత చూడటానికి నాలుగైదేళ్లయినా పడుతుంది. మొక్క జానెడు అయ్యాక పెరట్లో మామిడి చెట్టుంటే మానుకి తూర్పు వైపు కట్టేయండి. చెట్టు రసం పీల్చదు, బెరడుని పట్టుకుని ఉంటుందంతే, కాబట్టి ఇంట్లో పెద్దవాళ్లు మామిడి పాడవుతుందంటే ఆ భయం అక్కర్లేదని చెప్పండి.