టెక్ సందేహాలు: యాప్ తీసేసినా ఆగని కోతలు

ప్రశ్న: రూపాయి చెల్లిస్తే మూడు రోజులు అన్నీ చూడవచ్చన్న ప్రకటన చూసి చిన్న సీరియళ్ల యాప్ ఒకటి ఫోనులో వేసుకున్నాను. రెండు భాగాలు చూసేసరికి విసుగొచ్చి మర్నాడే తీసేశాను. నాలుగో రోజు ఖాతాలోంచి 499 రూపాయలు పోయాయి. నెల తిరిగేసరికి మళ్లీ 499. ఫోనులోనే లేని యాప్ డబ్బు ఎలా తీసుకుంటుంది? అది నా పింఛను పడే ఖాతా. (విశ్రాంత ఉపాధ్యాయుడు, బొబ్బిలి)

మాస్టారూ, యాప్ తీసేయడమంటే దుకాణానికి వెళ్లడం మానేయడం, అంతే. మీరు సంతకం పెట్టి ఇచ్చిన కాగితం ఇంకా దుకాణదారు గల్లాపెట్టెలోనే ఉంది. ఆ కాగితాన్ని బ్యాంకులవాళ్లు మాండేట్ అంటారు, ఫోనులో దాని పేరు ఆటోపే. ఆ రోజు మీరు నొక్కిన యూపీఐ పిన్ రూపాయి కోసమేనని అనుకున్నారు. అదే పిన్‌తో ‘ఇకమీదట నన్ను అడగకుండానే తీసుకోండి’ అని కూడా ఒప్పుకున్నారు. మొదటిసారి పిన్ ఇస్తే చాలు, ఆ తర్వాత 15,000 రూపాయల లోపు కోతలకు మళ్లీ అడగనక్కరలేదని రిజర్వ్ బ్యాంకు నిబంధనే చెబుతోంది. నెలనెలా కట్టే బిల్లులు మరిచిపోకుండా ఉండేందుకు పనికొచ్చే ఏర్పాటిది. ఇప్పుడు సీరియళ్లవాళ్లకు పండగైంది.

పిన్ అడిగే ముందు వచ్చే తెరను ఎవరూ చదవరు. నేనూ చదవలేదు, ఆ ముచ్చట తర్వాత చెబుతాను. అందులో మూడు సంగతులు చూడాలి. మొదటిది మొత్తం: కచ్చితంగా ఇంత అని ఉందా, ‘ఇంత వరకు’ అని ఉందా? నేను చూసిన రూపాయి ప్రకటనల్లో చాలావాటికి రెండోదే ఉంది. తర్వాతది ఎన్నాళ్లకోసారి అన్నది. నెలకోసారి అని ఉంటే సరే, ‘యాజ్ ప్రెజెంటెడ్’ అని ఉంటే మాత్రం వాళ్లు అడిగినప్పుడల్లా అని అర్థం. ఇక ముగింపు తేదీ. ఇరవై, ముప్పై ఏళ్ల తర్వాతి తేదీలు కూడా నా కంటబడ్డాయి. మనవరాలికి పెళ్లయి మునిమనవడు పుట్టేదాకా ఆ సీరియల్ సాగుతుందని వాళ్ల ధీమా కాబోలు.

ఇప్పుడు చేయవలసిన పని. ఏ యూపీఐ యాప్‌తో రూపాయి కట్టారో దాన్నే తెరవండి. ఫోన్‌పే, గూగుల్ పేలలో పైన మీ ఫొటో ఉన్న గుండ్రని బొమ్మను నొక్కితే వచ్చే జాబితాలో ఆటోపే ఉంటుంది; పేటీఎంలో యూపీఐ సెట్టింగుల లోపల చూడాలి. జాబితాలో సీరియళ్ల యాప్ పేరు కనిపించకపోతే కంగారు పడకండి, వెనక ఉన్న కంపెనీ పేరు వేరే కావచ్చు. 499 అంకెను బట్టి పట్టుకోండి. రద్దు చేయమంటే మళ్లీ పిన్ అడుగుతుంది. ఈసారి పిన్ తలుపు మూయడానికే. ఒకవేళ చెల్లింపు గూగుల్ ప్లే ద్వారా జరిగి ఉంటే, ప్లే స్టోర్‌లో మీ ఫొటో నొక్కి పేమెంట్స్, సబ్‌స్క్రిప్షన్స్ అన్న చోట రద్దు చేయాలి. ఐఫోను వాడేవారికి సెట్టింగులలో అన్నిటికంటే పైన ఉన్న తమ పేరు నొక్కితే సబ్‌స్క్రిప్షన్స్ కనబడతాయి.

ఆటోపే రద్దుకు ఆ కంపెనీ అనుమతి అవసరం లేదు. ఈ ఒక్క సంగతి తెలియక చాలామంది యాప్‌లో రద్దు బొత్తాం కోసం గంటలు గంటలు వెతుకుతున్నారు. ఇచ్చిన మాండేట్‌ను ఎప్పుడైనా వెనక్కి తీసుకునే వీలు ఖాతాదారుకు ఉండాలన్నది రిజర్వ్ బ్యాంకు నిబంధన. తాడు రెండో కొస మీ చేతిలోనే ఉంది మాస్టారూ, వాళ్లను వదలమని బతిమాలడం ఎందుకు?

‘ముందుగా చెప్పనైనా లేదు’ అని ఉత్తరం చివర రాశారు. బహుశా చెప్పే ఉంటారు. కోతకు కనీసం 24 గంటల ముందు కబురు పంపాలన్న నిబంధన 2021 అక్టోబరు 1 నుంచి కచ్చితంగా అమలవుతోంది. కాకపోతే ఆ కబురు చాలాసార్లు ఇంగ్లిషులో, రుణాలిస్తాం, స్థలాలిస్తాం అనే సందేశాల గుంపులో వస్తుంది. మెసేజీల్లో మాండేట్ అన్న ఇంగ్లిషు మాటతో వెతికి చూడండి.

పోయిన 998 రూపాయల సంగతి. ముందు కంపెనీకి మెయిల్ పంపి, యాప్ తీసేసిన తేదీ, కోతల తేదీలు రాయండి. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. తెలుగులో మాట్లాడవచ్చు, వాట్సాప్ అయితే 8800001915. వాళ్లు తీర్పు చెప్పరు, ఫిర్యాదును కంపెనీకి పంపి జవాబు రాబడతారు. చిన్న మొత్తాలకు చాలాసార్లు అదే సరిపోతుంది. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. అయిదు లక్షల లోపు వ్యవహారాలకు ఫీజు లేదు.

మీ పక్షాన బలమైన మాట ఒకటుంది. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న ‘డార్క్ ప్యాటర్న్స్’ పై మార్గదర్శకాలు ప్రకటించింది. పదమూడు రకాల మాయోపాయాలను పేరుపేరునా నిషేధించింది. వాటిలో సబ్‌స్క్రిప్షన్ ట్రాప్ ఒకటి: రద్దును కష్టతరం చేయడం, రద్దు బొత్తాన్ని దాచడం, ఉచితంగా చూపిస్తామంటూ ఆటో డెబిట్ అనుమతి బలవంతంగా తీసుకోవడం. ‘ఉచితం’ అనకుండా రూపాయి పెట్టడంలోని గడుసుతనం బహుశా ఇక్కడే ఉందని నా అనుమానం. అయినా ఫిర్యాదులో ఈ మార్గదర్శకాల పేరు తప్పకుండా రాయండి.

ఒక్క హెచ్చరిక. ఆ యాప్ కస్టమర్ కేర్ నంబరు కోసం గూగుల్‌లో వెతకవద్దు. డబ్బు వాపసు ఇస్తామని తీయగా మాట్లాడి, తెర తమకు కనిపించే యాప్ ఒకటి వేయించి, ఉన్నదంతా ఊడ్చేసే ముఠాలు అక్కడే కాపు కాస్తుంటాయి. అలా జరిగితే నిమిషం ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయాలి.

ఇక నా ముచ్చట. కాగితాలను ఫొటో తీసి ఫైలుగా మార్చే యాప్ ఒకటి, వారం ఉచితమంటే వేసుకున్నాను. పద్నాలుగు నెలల తర్వాత పన్ను లెక్కల కోసం బ్యాంకు స్టేట్‌మెంటు తిరగేస్తే అప్పుడు తెలిసింది, నెలనెలా 149 చొప్పున సమర్పించుకున్నానని. ఊరందరికీ టెక్ సలహాలు చెప్పేవాడిని! మా ఇంట్లో ఇప్పటికీ ఎవరైనా ‘ఉచితం’ అంటే నా వైపే చూసి నవ్వుతారు.

ప్రశ్న: వీడియోలు కూర్చే సాఫ్ట్‌వేర్ ఒకటి నెలవారీ అనుకుని తీసుకున్నాను. రద్దు చేయబోతే ‘నిజంగానా?’ అని ఒక తెర, ‘సగం ధరకే ఇస్తాం’ అని ఇంకో తెర, ‘వద్దు, నాకు డబ్బు ఆదా చేయడం ఇష్టం లేదు’ అనే బొత్తాం. అన్నీ దాటాక, ఇది ఏడాది ఒప్పందమని, మధ్యలో మానేస్తే రుసుము కట్టాలని చెప్పారు. కార్డు బ్లాక్ చేయించనా? (డిగ్రీ విద్యార్థి, రాజాం)

విజయనగరం పైడితల్లి జాతరలో సిరిమాను రోజున మూడు లాంతర్ల కూడలి దగ్గర జనంలో పడినవాళ్లకు తెలుసు, లోపలికి నడవనక్కరలేదు, జనమే తీసుకుపోతారు; బయటికి రావడానికే భుజబలం కావాలి. ఈ తెరలను అలాగే కడతారు, కావాలనే కడతారు. అమెజాన్‌లో ప్రైమ్ సభ్యత్వం రద్దు ప్రక్రియకు కంపెనీ లోపల పెట్టుకున్న పేరు ‘ఇలియడ్’ అని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023లో వేసిన కేసులో పేర్కొంది. నాలుగు పేజీలు, ఆరు క్లిక్కులు, పదిహేను ఐచ్ఛికాలట. అంత పొడవైన గ్రీకు యుద్ధగాథ పేరు! మనవాళ్లయితే పద్దెనిమిది పర్వాలని పెట్టి ఉండేవారు. 2025 సెప్టెంబరులో ఆ కేసు 250 కోట్ల డాలర్ల రాజీతో ముగిసింది, అందులో 150 కోట్లు వినియోగదారులకు వాపసు. ఇక మీరు చూసిన ఆ వెటకారపు బొత్తాం మన మార్గదర్శకాల్లోనూ నిషిద్ధమే, మనిషిని సిగ్గుపరిచి ఒప్పించే ఎత్తుగడ కింద.

కానీ బాబూ, కార్డు బ్లాక్ చేయించవద్దు. మాస్టారికి చెప్పిన సలహా మీకు సగమే పనికొస్తుంది. మాండేట్ తెగ్గొడితే డబ్బు పోవడం ఆగుతుంది, ఒప్పందం ఆగదు. వాళ్లు బాకీ అంటూ వెంటపడవచ్చు. ముందు కొన్న రోజున వచ్చిన మెయిల్ తీసి చదవండి. ‘ఏడాది ప్లాను, నెలనెలా చెల్లింపు’ అని, రుసుము ఎంతో అందులో స్పష్టంగా ఉంటే ఆ డబ్బు వాళ్లదే అనుకోండి. రుసుము ఎక్కువా, మిగిలిన నెలలు ఎక్కువా లెక్క వేసుకుని ఏది తక్కువైతే అది చేయండి. మెయిల్‌లో ఆ మాటే లేకపోతే, రుసుము ముందు చెప్పలేదని రాతపూర్వకంగా పెట్టి, ఆ తెరల ఫొటోలు జతచేసి 1915కు వెళ్లండి. బొత్తాం ఫొటో ఇప్పుడే తీసి ఉంచుకోండి, రేపు మార్చేస్తారు.

ప్రశ్న: జీడిపిక్కల గోదాములో 2,300 పెట్టి వైఫై కెమెరా పెట్టించాను. నెల రోజులు బాగానే నడిచింది. ఇప్పుడు ఆ క్షణంలో జరిగేది తప్ప పాత రికార్డింగు చూపించడం లేదు, నెలకింత కట్టమంటోంది. పెట్టె మీద ఈ మాటే లేదు. (వ్యాపారి, పలాస)

మీరు కెమెరా కొన్నాననుకున్నారు, వాళ్లు కన్ను అమ్మి జ్ఞాపకశక్తిని అద్దెకు పెట్టారు. రికార్డింగు వాళ్ల సర్వర్లో ఉంటుంది కాబట్టి తాళం వాళ్ల దగ్గర. కెమెరా కిందో వెనకో రబ్బరు మూత ఉందేమో చూడండి, చాలావాటికి అక్కడ మెమరీ కార్డు పెట్టే చోటు ఉంటుంది. 128 జీబీ కార్డు, అదీ నిఘా కెమెరాలకని ప్రత్యేకంగా చేసే రకం తీసుకోండి. మామూలు కార్డు రాత్రింబగళ్లు రాస్తే త్వరగా పాడవుతుంది. కెమెరా యాప్ సెట్టింగులలో నిల్వను క్లౌడ్ నుంచి కార్డుకు మార్చితే నెలవారీ గొడవ ఉండదు.

లోపం ఒకటుంది: దొంగ కెమెరానే పీక్కుపోతే కార్డూ పోతుంది. సీజనులో లక్షల సరుకు ఉండే గోదాముకు నేనైతే హార్డ్ డిస్కు ఉన్న రికార్డర్ వేరే గదిలో పెట్టించుకుంటాను. మీ కెమెరాకు ఆన్‌విఫ్ అనే ప్రమాణం ఉంటే వేరే కంపెనీ రికార్డర్‌కూ కలుస్తుంది, కెమెరా వృథా కాదు. తర్వాత కట్టవలసింది ముందు చెప్పకపోవడం కూడా మాస్టారికి చెప్పిన ఆ పదమూడు మాయోపాయాల్లో ఉంది, డ్రిప్ ప్రైసింగ్ అంటారు. పెట్టె పారేయకపోతే ఫొటో తీసి ఫిర్యాదుకు జతచేయండి.

ప్రశ్న: మా నాన్న చేపల వేటకు వెళతారు, బొత్తాల ఫోను వాడతారు. రీచార్జి చేసిన బాలెన్సు దానంతటదే తగ్గిపోతోంది. (భావనపాడు)

పాటో, జ్యోతిషమో, క్రికెట్ స్కోరో తెలియకుండా తగిలి ఉంటుంది. నాన్నగారి ఫోను నుంచే 155223కు ఫోను చేస్తే అదనపు సేవలు ఆపించవచ్చు. ఆగకపోతే ఫోను కంపెనీ ఫిర్యాదుల నంబరు 198కి ఫిర్యాదు చేసి, వాళ్లిచ్చే ఫిర్యాదు సంఖ్య రాసుకోండి.

ప్రశ్న: మే నెలాఖరులో అమ్మ ఖాతాలో 436 రూపాయలు, ఇంకో 20 రూపాయలు పోయాయి. అమ్మకు 48 ఏళ్లు, స్మార్ట్‌ఫోనే లేదు. ఇదీ ఏదో యాప్ పనేనా? ఎలా రద్దు చేయాలి? (ఆమదాలవలస)

రద్దు చేయకండి! 436 ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా, 20 సురక్షా బీమా ప్రీమియాలు. మొదటిది ఏ కారణంతో మరణించినా, రెండోది ప్రమాదంలో మరణించినా, రెండేసి లక్షల బీమా. జూన్ 1 నుంచి మరుసటి ఏడాది మే 31 వరకు వర్తిస్తాయి కాబట్టి కోత మే నెలాఖరులో పడుతుంది. ఖాతా తెరిచిన రోజున బ్యాంకులో ఇచ్చిన కాగితాల్లో ఆ ఫారం కూడా ఉండి ఉంటుంది, అమ్మను అడిగి చూడండి. అమ్మకు వేరే బ్యాంకులోనూ ఖాతా ఉంటే అక్కడా ఇవే కోతలు పడుతున్నాయేమో చూడండి. మనిషికి ఒక్క ఖాతా మీదే బీమా చెల్లుతుంది, రెండోచోట మాత్రం బ్యాంకుకు వెళ్లి ఆపించండి. వెళ్లినప్పుడు నామినీగా ఎవరి పేరు రాశారో కూడా అడగండి.