పాత కాటలీనా 22 సెయిల్‌బోటుని హైలాండర్‌తో లాక్కెళ్లొచ్చా? ట్రైలర్‌కి ఏమేం చేయించాలి?

మీరు రాసింది నాకు అర్థమైనంతవరకు ఇదీ సంగతి: ఉండేది డాలస్ పక్కన ప్లానోలో. కారు టొయోటా హైలాండర్, వీ6 (ఆరు సిలిండర్ల) ఇంజిన్‌ది. 1980ల నాటి స్వింగ్ కీల్ (పడవ అడుగున పైకీ కిందకీ కదిలే బరువైన రెక్క) ఉన్న కాటలీనా 22 ట్రైలర్‌తో సహా అమ్మకానికి దొరికింది. వీకెండ్స్‌లో లేక్ టెక్సోమాకి, కుదిరితే ఎప్పుడైనా గాల్వెస్టన్ దాకా తీసుకెళ్లాలని ఉంది. నా దగ్గరా అదే మోడల్ పడవ, నేను తిప్పేదీ దాదాపు అవే రోడ్లు కాబట్టి కాస్త వివరంగానే చెప్తాను.

మీ ప్రశ్నలో తెరచాపల గురించి, క్యాబిన్ కుషన్ల గురించి బోలెడు రాశారు. ట్రైలర్ గురించి మాత్రం "చూడ్డానికి బానే ఉంది" అని ఒక్క ముక్కతో సరిపెట్టారు. కొనేవాళ్లందరం చేసేది అదే లెండి. ఈ మోడల్ పడవలు 15 వేలకు పైగా తయారయ్యాయి. నలభై ఏళ్లు దాటినవి కూడా ఇంకా నీళ్లమీద శుభ్రంగా తిరుగుతున్నాయి. ఇబ్బందల్లా వాటి కిందున్న ట్రైలర్లతోనే. అందుకని బేరం ఆడేముందు పడవ కన్నా ట్రైలర్ దగ్గర ఎక్కువసేపు గడపండి.

ముందు బరువు తేల్చుకోవాలి. పడవ బరువు కాగితం మీద సుమారు 2,500 పౌండ్లు, అందులో 550 దాకా కింద వేలాడే పోత ఇనుప కీల్‌దే. దానికి ట్రైలర్ సొంత బరువు, అవుట్‌బోర్డ్ మోటార్, బ్యాటరీ, యాంకర్, గొలుసు, పెట్రోలు, తెరచాపలు, పిల్లల సామాను కలిపితే 3,500 దాటడం మామూలే. వీ6 హైలాండర్ టో రేటింగ్ (లాగగలిగే గరిష్ట బరువు) 5,000 పౌండ్లు కాబట్టి పర్వాలేదు, అయినా మీ కారు ఏ సంవత్సరానిదో చూసి మాన్యువల్‌లో ఒకసారి సరిచూసుకోండి. హైబ్రిడ్‌కి 3,500 మాత్రమే. ప్రశ్న కింద ఎవరో "హైబ్రిడ్‌తో కూడా లాగేయొచ్చు" అని రాశారు, దయచేసి అది పట్టించుకోకండి. అంచనాలు వద్దనుకుంటే హైవే పక్క ట్రక్ స్టాపుల్లో క్యాట్ స్కేల్ అని తూకం ఉంటుంది. కొద్ది డాలర్లకే యాక్సిల్ వారీగా బరువు వేసి చీటీ చేతిలో పెడతారు.

మొత్తం బరువు కన్నా ముఖ్యమైనది టంగ్ వెయిట్, అంటే ట్రైలర్ ముక్కు కారు హిచ్ (వెనక ట్రైలర్ తగిలించే చోటు) మీద మోపే భారం. మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలని లెక్క. మీ విషయంలో 3,700 అనుకుంటే 370 కన్నా తగ్గకూడదు. అలాగని మీ హిచ్ మీద రాసి ఉన్న పరిమితినీ దాటకూడదు. 400 దగ్గర పెట్టుకుంటే రెండు పక్కలా నిశ్చింత. ఇది తక్కువైతే 60 మైళ్ల వేగంలో పక్కనుంచి ఒక ట్రక్కు దాటిపోగానే ట్రైలర్ వెనక అటూ ఇటూ ఊగడం మొదలెడుతుంది, ఆ ఊపు కారునీ పట్టి ఊపుతుంది. అలా జరిగితే స్టీరింగ్ నిటారుగా పట్టుకుని యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేయండి. కారు బ్రేకు గట్టిగా తొక్కొద్దు.

దీన్ని ఇంట్లోనే కొలవచ్చు. మామూలు బాత్రూమ్ స్కేల్ చాలావరకు ఇంత బరువు చూపించదు కాబట్టి చిన్న ఉపాయం కావాలి. గట్టి చెక్క పలక ఒకటి తీసుకోండి. ఒక చివర స్కేల్ మీద, ఇంకో చివర అంతే ఎత్తున్న ఇటుక మీద ఆనించండి. ట్రైలర్ ముక్కుని పలక మీద ఇటుకకి ఒక అడుగు, స్కేల్‌కి రెండు అడుగులు దూరంలో ఆనేలా దించండి. స్కేల్ మీద కనపడిన అంకెని మూడుతో గుణిస్తే అదే టంగ్ వెయిట్. చక్రాలకి అడ్డు చెక్కలు పెట్టాకే ఈ పని చేయాలి.

తక్కువ వస్తే ముందు సామాను సర్దండి. పడవ వెనక బ్రాకెట్‌కి వేలాడే మోటార్‌ని తీసేస్తేనే తేడా తెలుస్తుంది. ఎలాగూ రోడ్డు కుదుపులకి ఆ బ్రాకెట్ బోల్టులు వదులవుతాయి కాబట్టి తీయడమే మేలు. అప్పటికీ చాలకపోతే వించ్ స్టాండ్‌ని (ట్రైలర్ ముందు పడవని లాగి పట్టే చక్రం ఉన్న స్తంభాన్ని) కాస్త ముందుకి జరిపి పడవని ముందుకి లాగాలి. ఇక్కడ రెండు చూసుకోవాలి: పడవ వెనక అంచు కింద బంక్ చెక్కల (ట్రైలర్ మీద పడవ కూర్చునే చెక్కల) ఆసరా పోకూడదు, కీల్ దాని కింది అడ్డకమ్మీ మీంచి తప్పుకోకూడదు. స్వింగ్ కీల్ పడవలో ఇది ప్రాణం. రోడ్డు మీద కీల్ దాని కేబుల్‌కి వేలాడుతూ ఉండకూడదు. ట్రైలర్ అడ్డకమ్మీ మీదికి దించి, బరువు దానిమీద కూర్చున్నాక కేబుల్ కొంచెం వదులు చేయాలి. లేకపోతే గుంత వచ్చిన ప్రతిసారీ ఆ 550 పౌండ్ల ఇనుము దెబ్బంతా అది తిరిగే ఒక్క పివట్ పిన్ మీదే పడుతుంది.

ఇక టైర్లు. ట్రెడ్ చూసి మోసపోవద్దు. ఈ ట్రైలర్లు ఏడాదిలో ఎక్కువ కాలం ఎండలో నిలబడే ఉంటాయి, కాబట్టి టైరు అరగకముందే రబ్బరు చచ్చిపోతుంది. సైడ్‌వాల్ మీద డాట్ అనే అక్షరాల తర్వాత వచ్చే చివరి నాలుగంకెలు చదవండి. 2316 అని ఉంటే 2016లో 23వ వారం. ఐదారేళ్లు దాటితే పైకి కొత్తగా కనిపించినా మార్చేయండి. కొనేది ఎస్‌టీ (స్పెషల్ ట్రైలర్) అని రాసి ఉన్న ట్రైలర్ టైరే కావాలి, కారు టైరు కాదు. గాలి సైడ్‌వాల్ మీదున్న గరిష్ట పీఎస్ఐకి, టైరు చల్లగా ఉన్నప్పుడే కొట్టించాలి. వేగం రేటింగ్ విడిగా రాసి లేకపోతే 65 మైళ్లు దాటొద్దు. టెక్సస్ హైవేల మీద అందరూ హారన్ కొడతారు, కొట్టనివ్వండి. స్పేర్ టైరుతో పాటు ట్రైలర్ నట్లకి సరిపోయే రెంచి, ఆ బరువు ఎత్తగలిగే జాక్ కూడా ఉన్నాయో లేదో ఇంటి దగ్గరే చూసుకోండి. కారు జాక్ దీనికి పనికిరాదు.

బేరింగుల సంగతి కొంచెం తీరిగ్గా చెప్పాలి. గంటన్నర డ్రైవ్ చేసి ర్యాంప్ (పడవని నీళ్లలోకి దించే వాలు) దగ్గరికి చేరేసరికి హబ్ (బేరింగులుండే చక్రం మధ్య భాగం) లోపల గ్రీజు, గాలి వేడెక్కి ఉంటాయి. అలాగే నేరుగా చల్లటి నీళ్లలోకి దించితే లోపలి గాలి ఒక్కసారిగా కుంచించుకుని సీల్ సందుల్లోంచి నీళ్లని లోపలికి పీలుస్తుంది. తర్వాత ఎప్పుడో విప్పి చూస్తే గ్రీజు పాలెక్కువైన టీ రంగులో ఉంటుంది. మా ఫ్రెండ్ ట్రైలర్ ఇలాగే ఐ-45 మీద, హ్యూస్టన్ ఇంకా చాలా దూరముండగా, ఒక పక్క చక్రం పొగలు కక్కింది. అమ్మినాయన "మొన్ననే గ్రీజు పెట్టించా" అన్నాడట. బయట మూతలో కొట్టిన గ్రీజు వేరు, బేరింగులు విప్పి కడిగి, సీల్ మార్చి పెట్టినది వేరు. కొన్న వెంటనే రెండోది చేయించండి. అక్కడినుంచి పెట్రోలు కోసం ఆగిన ప్రతిసారీ హబ్‌కి చెయ్యి దగ్గర పెట్టి చూడటం అలవాటు చేసుకోండి. గోరువెచ్చగా ఉంటే సరే. రెండో పక్క కన్నా బాగా వేడిగా ఉంటే అక్కడే ఆగిపోండి. ర్యాంప్ దగ్గర హబ్బులు చల్లారేలోపు మాస్ట్ (తెరచాప స్తంభం) ఎత్తే పని పెట్టుకుంటే టైమూ వృథా కాదు.

మాస్ట్ ఎత్తేముందు తల పైకెత్తి కరెంటు తీగలు చూడండి. 25 అడుగుల అల్యూమినియం కడ్డీ, పైగా ట్రైలర్ మీదున్న పడవ ఎత్తు. ఎత్తిన మాస్ట్‌తో పార్కింగ్ నుంచి ర్యాంప్ దాకా కదిలే దారి మొత్తం ముందు నడిచి చూశాకే కారు తీయాలి. ఈ ఒక్క విషయంలో "ఏం కాదులే" అనే మాట వినపడితే, ఎవరన్నా సరే, ఆపేయండి.

బ్రేకులు: టెక్సస్‌లో ట్రైలర్ మొత్తం బరువు 4,500 పౌండ్లు దాటితేనే చట్టం అడుగుతుంది. కార్ల మాన్యువల్స్ చాలావాటిలో అంతకన్నా చాలా తక్కువకే అడుగుతాయి, నేనూ పెట్టించమనే అంటాను. పడవ ట్రైలర్లకి సర్జ్ బ్రేకులు బాగుంటాయి: కారు నెమ్మదించినప్పుడు ట్రైలర్ ముందుకి నెట్టే ఒత్తిడితోనే పనిచేస్తాయి, కాబట్టి కారులో విడిగా కంట్రోలర్ అక్కర్లేదు. రివర్స్‌లో పట్టేయకుండా కారుకీ ట్రైలర్‌కీ మధ్య వైర్లకి ఐదు పిన్నుల ప్లగ్ కావాలి. గాల్వెస్టన్ ఉప్పునీళ్లలో దించిన రోజు బ్రేకుల్ని మంచినీళ్లతో కడగకుండా ఇంటికి తేవద్దు.

హిచ్ బాల్ సైజు కప్లర్ (బాల్ మీద కూర్చునే ట్రైలర్ ముక్కు) మీద పోతపోసి ఉంటుంది, రెండూ ఒకటే కావాలి. లాచ్ వేశాక ట్రైలర్ జాక్‌తో ముక్కుని కాస్త పైకెత్తండి. కారు వెనక భాగం కూడా లేస్తేనే సరిగ్గా పట్టినట్టు. తర్వాత పిన్ను పెట్టి, సేఫ్టీ చైన్లు రెండూ కింద ఇంటూ ఆకారంలో తగిలించాలి. ముక్కు ఊడితే ఆ గొలుసుల మీద పడుతుంది, రోడ్డుని గుచ్చుకోదు. పడవ ముందు భాగానికి వించ్ స్ట్రాప్ ఒక్కటే చాలదు, విడిగా ఒక గొలుసు కావాలి. వెనక రెండు ర్యాచెట్ స్ట్రాపులు. స్ట్రాపుకి ఒక మెలిక వేస్తే గాలికి బర్రుమని కొట్టుకోదు. మాస్ట్‌ని మూడు చోట్ల కట్టండి. వెనక్కి నాలుగు అడుగులు పొడుచుకొస్తే ఎర్రగుడ్డ తప్పనిసరి. చుక్కాని తీసి క్యాబిన్‌లో పెట్టండి, పెట్రోలు ట్యాంకు మాత్రం క్యాబిన్‌లో వద్దు.

మీ ప్రశ్న కింద ఇంకో ఆయన హుసేన్ సాగర్‌లో లేజర్లని (చిన్న తెరచాప పడవల్ని) చేత్తోనే తోసుకెళ్తారు కదా, ఇంత హడావుడి దేనికి అన్నారు. లేజర్ హల్ 59 కిలోలండీ.

టెక్సోమాలో 2009 నుంచి జీబ్రా మస్సెల్స్ (పడవలకి అంటుకుని వేరే చెరువులకి పాకే చిన్న ఆల్చిప్పలు) ఉన్నాయి. పైకి లాగగానే నీళ్లన్నీ వదిలేయాలి, టెక్సస్‌లో ఇది చట్టం కూడా. పడవతో పాటు ట్రైలర్ కమ్మీల సందులూ తుడిచి ఆరబెట్టాలి. కాగితాల విషయంలో పడవ టైటిల్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ వాళ్ల దగ్గర, ట్రైలర్ రిజిస్ట్రేషన్ కౌంటీ ట్యాక్స్ ఆఫీసులో. అమ్మేవాళ్లు పడవ కాగితం ఒక్కటే చూపించి ట్రైలర్‌ది తర్వాత పంపిస్తామంటే, అది చేతికొచ్చేదాకా డబ్బు కట్టొద్దు.