గుర్రాలు తిరిగే దారిలో కుక్కను వదిలి తిప్పొచ్చా?

అడిగినాయనది కర్నూలు. పొద్దున్నే కేసీ కెనాల్ (కర్నూలు-కడప కాలువ) గట్టు మీద తన లాబ్రడార్‌ను లీష్ లేకుండా తిప్పుతారట. అదే గట్టు మీదికి పెళ్లి గుర్రాలు నడిపే ఒకాయన కూడా వస్తాడు. "కుక్కను పట్టుకోన్నా" అని ఆయన, "ఏం చేయదులేప్పా" అని ఈయన, రోజూ ఇదే మాట. "మాది ఎవర్నీ కరవదు, దగ్గరికి పోయి వాసన చూసి వచ్చేస్తుంది, అయినా కట్టాలా?" అన్నది ప్రశ్న.

కట్టాలి. కరుస్తుందా కరవదా అన్నది ఇక్కడ లెక్కలోకే రాదు. మీ కుక్క మంచిదని మీకు తెలుసు, మీ వీధికి తెలుసు, గుర్రానికి తెలియదు. వేటాడే జంతువు కనబడితే పరుగెత్తి బతికిన జాతి అది. నాలుగు కాళ్ల మీద వేగంగా తన వైపు వచ్చేది ఏదైనా సరే, అది ముందు కదిలి తర్వాత ఆలోచిస్తుంది. ఇంకో మాట కూడా చెప్తా: ఊరికే మొరిగి ఆగిపోయే కుక్క కంటే, స్నేహం కోసం కాళ్ల మధ్యకు దూరే కుక్కతోనే ఎక్కువ ప్రమాదం. అందుకే ఎంత సాధువైన కుక్కకైతే అంత గట్టిగా లీష్ కావాలి.

గుర్రం కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి. చుట్టూ దాదాపు 350 డిగ్రీల మేర కనిపిస్తుంది. కనిపించని చోట్లు రెండే: నుదుటికి సరిగ్గా ఎదురుగా కొంచెం మేర, తోక వెనక కొంచెం మేర. ఆడుకోవడానికి పోయే కుక్క సరిగ్గా ఆ రెండు చోట్లకే పోతుంది. ముందు మూతి దగ్గరికి, తర్వాత వెనక మడమల దగ్గరికి.

గట్టు మీద జరిగేది దగ్గర నుంచి చూడండి. ఒకపక్క నీళ్లు, ఇంకోపక్క కంపచెట్లు, పక్కకు తొలగడానికి చోటు లేదు. వంద అడుగుల దూరంలో గుర్రాన్ని చూడగానే కుక్క తోక ఊగడం ఆగిపోతుంది, చెవులు ముందుకొస్తాయి, తల కిందికి దిగి ఒళ్లంతా ఒక గీతలా సాగుతుంది. యజమాని చెవుల్లో ఇయర్‌ఫోన్లు, డెక్కల చప్పుడు ఆయనకు వినబడలేదు. గుర్రం మాత్రం అప్పటికే చూసేసింది. తల పైకెత్తింది, రెండు చెవులూ కుక్క వైపు నిక్కబొడుచుకున్నాయి, ముక్కుపుటాలు విచ్చుకున్నాయి, అడుగులు పొట్టివయ్యాయి. పైనున్నాయనకు తొడల కింద గుర్రం వీపు కట్టెలా బిగుసుకోవడం తెలుస్తుంది. కుక్కను ఆపడానికి మిగిలింది ఈ రెండు మూడు సెకన్లే.

కుక్క లంఘించుకుంటుంది. గుర్రం పక్కకు ఒక్క గెంతు గెంతుతుంది. 350 కిలోలకు పైబడిన ఒళ్లు, డెక్క కింద ఇనుప లాడం, దాని కింద సిమెంటో తారో. మట్టి మీద పట్టు దొరికే లాడం సిమెంటు మీద జారుతుంది. పైనున్నాయన తల నేలకు ఎనిమిది అడుగుల ఎత్తున ఉంటుంది; గుర్రం పక్కకు పోయింది, ఆయన ఇంకా ముందుకే పోతున్నాడు. కుక్కకు ఇదంతా ఆట. చుట్టూ తిరిగి వెనక కాళ్ల దగ్గరికొస్తుంది. అక్కడ గుర్రానికి సరిగ్గా కనబడదు, ఏదో ఉందని మాత్రం తెలుస్తుంది. వెనక కాలు విసురుతుంది. లాబ్రడార్ తల నేల నుంచి రెండడుగుల ఎత్తులో ఉంటుంది, డెక్క అంత ఎత్తుకు లేవడానికి గుర్రం కష్టపడనక్కర్లేదు. దవడ విరగడం, కన్ను పోవడం, పుర్రె పగలడం ఇట్లాగే జరుగుతాయి. మీరు లీష్ వేసేది గుర్రం మీద దయతో మాత్రమే కాదు, మీ కుక్క తలకాయ కోసం కూడా.

ఇంత జరిగినా చివరికి మాట పడేది గుర్రపాయనే. "రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్లతో నడుస్తుంది" అని సామెత చదివి, తోలడం చేతగాలేదంటారు. ఎంత చేతనైన రౌతైనా జంతువు పుట్టుకను కళ్లెంతో ఆపలేడు. పైగా మన ఊళ్లలో పెళ్లి గుర్రాలకు ఇంకా కొందరు ముళ్ల కళ్లెం వేస్తున్నారు, అది నాకు మంట పుట్టించే విషయం. కుక్క వచ్చినప్పుడు భయంతో పగ్గాలు లాగితే నోట్లో ముళ్లు గుచ్చుకుంటాయి. ముందు కుక్క, నోట్లో నొప్పి, పోవడానికి దారి లేదు, గుర్రం ముందుకాళ్లు లేపి నిలువునా లేస్తుంది, ఒక్కోసారి వెనక్కి పడుతుంది. ముళ్లున్న కళ్లేన్ని 1965 నాటి కేంద్ర నిబంధనలే నిషేధించాయి. కర్నూలు, ఆదోని, కడప, ఎక్కడైనా సరే, పెళ్లికి గుర్రం మాట్లాడుకునేటప్పుడు నోరు తెరిపించి చూడండి. ముళ్లుంటే వద్దనండి.

సరే, లీష్ సంగతికొస్తా. పొడవు 4 నుంచి 6 అడుగులు, అంతకు మించొద్దు. అంగుళం వెడల్పున్న నైలాన్ పట్టీ గానీ నూలు పట్టీ గానీ మంచిది. ఇనుప చైన్ గలగలలాడి గుర్రాన్ని ఇంకా బెదరగొడుతుంది, కుక్క గుంజితే మీ అరచేతి తోలు లేస్తుంది. బటన్ నొక్కితే 5 మీటర్లు సాగే లీష్ ఇట్లాంటి దారిలో పనికిరాదు. ఆ సన్నటి తాడు గుర్రం కాళ్లకు చుట్టుకుంటే గుర్రం, కుక్క, మనిషి ముగ్గురూ పడతారు. లీష్ చివర గుండ్రంగా ఉండే పిడిలో బొటనవేలు దూర్చి పిడికిలి బిగించాలి. మణికట్టుకు చుట్టుకోవద్దు, గుంజినప్పుడు విరిగేది అదే. రెండో చెయ్యి మెడబెల్టుకు ఒకటిన్నర అడుగు దూరంలో ఉండాలి. ముధోల్ లాంటి సన్నతల వేటకుక్కలకు మామూలు బెల్టు నిలవదు, వెనక్కి గుంజుకుంటే తల జారి బయటికొచ్చేస్తుంది. వాటికి గుంజితే కొంచెం బిగుసుకునే వెడల్పు బెల్టు కావాలి, లేదా ఛాతీ చుట్టూ వచ్చే హార్నెస్.

గుర్రం కనబడ్డాక లీష్ వెతుక్కోవడం కాదు, గుర్రాలొచ్చే దారిలోకి దిగకముందే వేసి ఉండాలి. గుర్రం ఎదురైతే కనీసం 30 అడుగులు పక్కకు తొలగండి. గట్టు మీద అంత చోటు దొరకదు, కాబట్టి వెనక్కి నడిచి దారి వెడల్పైన చోట నిలబడండి. కుక్క మీకు అవతలి పక్క, మీరు మధ్యలో, గుర్రం ఇవతల. కుక్కను కూర్చోబెట్టి దాని మొహం మీ వైపు తిప్పుకోండి, చేతిలో తినేదేదైనా ఉంటే ఇంకా మేలు. కంపచెట్ల వెనక దాక్కోవద్దు, చాలామంది మంచితనంతోనే ఈ తప్పు చేస్తారు. పొద వెనక కదిలేది ఏందో తెలియక గుర్రం ఇంకా బెదురుతుంది. కనబడేట్టు నిలబడి మామూలు గొంతుతో "పోనీ అన్నా, పట్టుకున్నా" అని ఒక మాటనండి. మనిషి గొంతు వింటే గుర్రం సగం నెమ్మదిస్తుంది.

కుక్క మరీ గుంజుతుంటే వేపచెట్టుకు లీష్ ఒక చుట్టు తిప్పి పట్టుకోండి. ఏమైనా సరే వదిలేయొద్దు. లీష్ ఈడ్చుకుంటూ పరుగెత్తే కుక్క, లీష్ లేని కుక్క కంటే ప్రమాదం.

అప్పటికే చెయ్యి జారిపోయి ఉంటే? అరుస్తూ వెంటపడొద్దు. మీ అరుపు కుక్కకు ఎగదోసినట్టే వినబడుతుంది. దాని పేరు పిలుస్తూ మీరే ఎదురు దిక్కుకు పరుగెత్తండి, చాలా కుక్కలు యజమాని పారిపోతుంటే ఇటు తిరుగుతాయి. తిరగకపోతే గుర్రం నిలబడేదాకా ఆగి, దాని భుజం పక్క నుంచి, దానికి కనబడేట్టు వెళ్లి కుక్క బెల్టు పట్టుకోండి. గుర్రం వెనక నుంచి మాత్రం ఎప్పుడూ పోవద్దు. వెనక కాళ్లకు పదడుగుల లోపల మీ తల కూడా భద్రం కాదు.

గుర్రం మీదున్నవాళ్లకూ రెండు మాటలు. పరుగెత్తించొద్దు. పారిపోయేదాన్ని తరమడమే కుక్క పని. ఆపి, గుర్రం మొహాన్ని కుక్క వైపు తిప్పండి. ఎదురు తిరిగి నిలబడ్డ గుర్రాన్ని చూస్తే చాలా కుక్కలు అక్కడే ఆగి మొరుగుతాయి. రెండు పగ్గాలూ ఒకేసారి గుంజకుండా ఒక పగ్గం పొట్టి చేసి మెడ పక్కకు వంచితే గుర్రం లేవదు, దూకదు. మడమలు కిందికి, నడుం జీనులోకి. దిగాల్సి వస్తే ముందు రెండు పాదాలూ రికాబుల్లోంచి (జీనుకు వేలాడే, పాదం పెట్టే కడియాలు) తీసేయాలి, ఒక కాలు లోపల ఉండగా గుర్రం కదిలితే ఈడ్చుకుపోతుంది. చెప్పులేసుకుని గుర్రమెక్కడం ఈ కారణంగానే ప్రమాదం. చెప్పున్న పాదం రికాబులోకి మొత్తం దూరిపోతుంది. మడమున్న బూటైతే అక్కడ ఆగుతుంది. జట్కా గుర్రానికి పక్క చూపును మూసే కళ్లగంతలు ఉంటాయి కాబట్టి కుక్క కాళ్ల కిందికి వచ్చేదాకా దానికి కనబడదు, అక్కడ బండి తోలేవాడే కళ్లు.

"కట్టమని మాకు చెప్తున్నారు, మరి వీధికుక్కల సంగతో?" అని తప్పకుండా అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం వీధికుక్కలకు ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, పట్టిన చోటే వదలాలి. అది జరిగే వేగం మనం చూస్తున్నదే. అయితే వీధికుక్కలు రోజూ చూసే గుర్రాన్ని చాలావరకు పట్టించుకోవు, పడుకున్న చోటి నుంచి తల కూడా ఎత్తవు. ఇంటికుక్క ఒకటి పరుగు మొదలుపెడితే మాత్రం దాని వెనక గుంపంతా లేస్తుంది. దారి మధ్యలో బిస్కెట్లు వేసి కుక్కల్ని పోగేసేవాళ్లు, దయచేసి ఆ పుణ్యం ఏదైనా మూలన చేయండి.

అనంతపురం వైపు ఇంకో రకం ఉంది, గొర్రెల మంద కుక్కలు. వాటిని కట్టమని అడగడం తప్పు, కాపలా వాటి పని. రాత్రి ఎరువు కోసం చేలో మంద పెట్టినచోట తెల్లవారుజామున గుర్రం మీద పోతే అవి లేచొస్తాయి. మంద కనబడగానే వంద గజాల దూరంలో ఆగి గొర్రెలాయన్ని పిలవండి, ఆయన ఒక కేక వేస్తే కుక్క ఆగుతుంది. ఆయన కనబడకపోతే చేను చుట్టు తిరిగి పోవాల్సిందే.

కరిచిందీ, తన్నిందీ జరిగిపోతే ఏం చేయాలో కూడా చెప్తా. కుక్క గుర్రాన్ని కరిస్తే గాయాన్ని సబ్బుతో, పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడగాలి. కారం, సున్నం, పసుపు, ఆముదం ఏమీ పెట్టొద్దు. కట్టు గట్టిగా బిగించొద్దు. అదే రోజు పశువుల డాక్టరు దగ్గర రేబిస్ టీకా మొదలుపెట్టాలి: మొదటి రోజు, ఆ తర్వాత 3, 7, 14, 28 రోజులకు. ధనుర్వాతం ఇంజెక్షన్ మరవొద్దు, పెంపుడు జంతువుల్లో గుర్రానికి అది అంటుకున్నంత తేలిగ్గా దేనికీ అంటుకోదు. మనిషిని కరిస్తే కడగడం అదే పద్ధతి, పోవాల్సింది మాత్రం పెద్దాసుపత్రికి. ఇక గుర్రం కుక్కను తన్నితే, కుక్క లేచి నడుస్తోంది కదా అని ఇంటికి తీసుకుపోవద్దు. పై పెదవి ఎత్తి చిగుళ్లు చూడండి. తెల్లబడుతుంటే లోపల రక్తం కారుతోందని అర్థం, గంటలు కాదు నిమిషాలు లెక్క.

చట్టం మాట ఎవరో అడుగుతారు కాబట్టి అదీ చెప్తా. తన జంతువు వల్ల మనుషులకు అపాయం కలక్కుండా జాగ్రత్త పడకపోతే భారతీయ న్యాయ సంహిత 291 కింద ఆరు నెలల దాకా జైలు, 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. పాత శిక్షాస్మృతిలో ఇదే తప్పుకు జరిమానా 1,000. గుర్రాలు రోడ్డెక్కడం మామూలైన బ్రిటన్‌లోనైతే అక్కడి హైవే కోడ్ 56వ నియమమే, గుర్రాలు నడిచే దారిలో కుక్కను పొట్టి లీష్ మీద పట్టుకోవాలని చెబుతుంది.

మీ లాబ్రడార్‌కు గుర్రాన్ని అలవాటు చేయొచ్చు, లాబ్రడార్లు తొందరగానే నేర్చుకుంటాయి. గుర్రపాయనతో మాట్లాడుకోండి, రోజూ వచ్చే మనిషే కదా. మొదటి వారం 150 అడుగుల దూరంలో లీష్‌తో కూర్చోబెట్టండి. గుర్రాన్ని చూసి మళ్లీ మీ మొహం చూసిన ప్రతిసారీ ఒక ఉడకబెట్టిన కోడిముక్క ఇవ్వండి. మొరిగితే తిట్టొద్దు, ఇంకో 50 అడుగులు వెనక్కి జరగండి, దూరం చాల్లేదని దానర్థం. వారం వారం పదిపదిహేను అడుగులు తగ్గించుకుంటూ రండి. 30 అడుగుల దగ్గర ఆపేయండి, అంతకన్నా దగ్గరికి పోవాల్సిన పని కుక్కకు లేదు. అప్పుడు కూడా లీష్ చేతిలోనే ఉండాలి.