జీతం సగమైతే దేన్ని ఉంచుకోవాలి, దేన్ని వదులుకోవాలి?

జీతం సగానికి పడిపోయింది, కారు వాయిదా, పిల్లల ఫీజులు, పెద్దవాళ్ళ మందులు ఉన్నాయి, దేన్ని ముందు తగ్గించాలి అని అడిగారు. మాది తిరుపతి. మా ఆయన కొండకి టాక్సీ తోలతాడు. 2020 మార్చి 20న కరోనా వల్ల తిరుమలలో దర్శనాలు ఆపేసినప్పుడు మా రాబడి సగం కాదు, మొత్తానికే పోయింది. జూన్ 11 నుంచి భక్తుల్ని మళ్ళీ రానిచ్చినా, వచ్చేవాళ్ళు కొద్దిమందే. అప్పుడు మేం ఏం చేశామో చెబుతాను.

అవసరం, అనవసరం అని రెండు వరసలు రాయమంటారు అందరూ. మా ఇంట్లో అది గంటసేపు కూడా నడవలేదు. కేబుల్ కనెక్షన్ అనవసరం అని నేనంటే, నీ ఫోన్ రీచార్జి సంగతేంది అనింది మా అత్త. ఆ మాటా నిజమే కదా. అందుకని వేరేగా లెక్కేశాను: దీన్ని ఇవాళ ఆపేస్తే, రేపు మళ్ళీ మొదలుపెట్టడానికి ఎంత పడుతుంది?

కేబుల్ ఆపితే, డబ్బు కట్టిన రోజే మళ్ళీ వస్తుంది. కొత్త బట్టలు, హోటల్ టిఫిన్లు కూడా అంతే. వాటి గురించి పోట్లాట అనవసరం, ఆపేశాం. రాత్రిపూట సంగటి, చెనిక్కాయల చట్నీ. అదేమీ త్యాగం కాదులెండి, మా ఇంట్లో అందరికీ ఇష్టమే.

హెల్త్ పాలసీ అలా కాదు. అత్తకి షుగరు. అప్పట్లో పాతరోగాలకి నాలుగేళ్ళ దాకా ఆగితేగానీ క్లెయిము ఇచ్చేవాళ్ళు కాదు. మాకు మూడేళ్ళు దాటాయి. ఆ ఏడాది ప్రీమియం ఎగ్గొడితే మూడేళ్ళూ గంగలో పోసినట్టే. నా గాజు తాకట్టు పెట్టి కట్టాం. ఆ ఆగస్టులోనే రిజర్వ్ బ్యాంకు, బంగారం విలువలో 75 శాతం బదులు 90 శాతం దాకా అప్పివ్వొచ్చని బ్యాంకులకి చెప్పింది. ఎక్కువిస్తున్నారు కదా, రెండో గాజు కూడా పెడదామన్నాడు మా ఆయన. నేను ఒప్పుకోలేదు. ఎంత కావాలో అంతకే పెట్టాం.

టాక్సీ వాయిదాలకి ఆగస్టు దాకా గడువిచ్చారు. వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంటుందని తెలిసే తీసుకున్నాం, చేతిలో ఏమీ లేదు కాబట్టి. బండి మళ్ళీ రోడ్డెక్కాక మొదటి రాబడి బ్రేకు ప్యాడ్లకే పోయింది. మొదటి ఘాట్‌లో దిగేటప్పుడు మలుపు మలుపుకీ కాలు బ్రేకు మీదే ఉంటుంది, అక్కడ పొదుపు మాటే ఎత్తకూడదు.

సామాన్ల విషయం. గ్రైండరు, ఫ్రిజ్జు అమ్ముదామని అడిగిచూస్తే, కొన్నదాంట్లో పావలా వంతు కూడా ఇస్తామనలేదు. మళ్ళీ కొనాలంటే మాత్రం పూర్తి ధర. ఉండనిచ్చాం.

తిరుపతిలో ఉండేవాళ్ళకి ఇంకో ఖర్చుంటుంది, దర్శనానికొచ్చే చుట్టాలు. రాకపోకలు మొదలయ్యాక ఎవర్నీ రావద్దనలేదు. చాపా, దిండూ, వేడినీళ్ళు, ఇంట్లో ఉన్న భోజనం. కానీ కొండకి టాక్సీ ఊరికే తిప్పడం మానేశాం. డీజిల్ డబ్బులడగాలంటే మా ఆయనకి సిగ్గు, నేనే అడిగాను. ఒక్క పెదనాన్న మాత్రం ముఖం మాడ్చుకున్నారు. మళ్ళీ ఏడాది ఆయనే వచ్చారు.

ఇక మీ సంగతి. మందులు ఆపే మాటే వద్దు. చీటీలో కంపెనీ పేరు కాకుండా మందు పేరు రాయమని డాక్టర్ని అడిగి, జన ఔషధి దుకాణంలో చూడండి, చాలా తక్కువకొస్తాయి. ఫీజుల విషయంలో, పదో తరగతి పిల్లల్ని బడి మార్చకండి, చిన్న తరగతులైతే మార్చినా ఏమీ కాదు.

కారు దగ్గర నా లెక్క కొంచెం మారుతుంది. గ్రైండరు మూలన పడున్నా ఖర్చు అడగదు. కారు నిలబెట్టినా వాయిదా, ఇన్సూరెన్సు అడుగుతూనే ఉంటుంది. మాకు టాక్సీ సంపాదించి పెట్టేది, మీ కారు అలాంటిది కాదనుకుంటాను. ఇంకా ఎంత బాకీ ఉందో బ్యాంకులో కాగితం తీసుకోండి, సెకండ్ హ్యాండ్‌లో ఎంత పలుకుతుందో ఇద్దరు ముగ్గుర్ని అడగండి. ధర బాకీని దాటితే వాయిదా తప్పకముందే అమ్మేయండి. బాకీ తీర్చగానే ఎన్ఓసీ, అంటే ఇక బాకీ లేదని బ్యాంకు ఇచ్చే కాగితం తీసుకుని, ఆర్‌సీలోంచి బ్యాంకు పేరు తీయించండి. పేరు మార్పిడి అయ్యేదాకా కొన్నవాళ్ళ వెంటపడండి, లేకపోతే వాళ్ళ చలాన్లు మీకొస్తాయి.